రేపటి వీడియో

కొడుకుని పోలీసులు తీసుకెళ్లాక కూడా వాడి వీడియోలు వస్తూనే ఉన్నాయి.

మొదటిది వచ్చినప్పుడు తల్లి కూరగాయల కొట్లో ఉంది. పక్కావిడ ఫోన్లోంచి తన గొంతే వినబడింది. "నేనూ పెట్టానమ్మా. చెప్పిన రోజుకి డబ్బులొచ్చాయి." ఆవిడ ఫోన్ని చూసి, ఈమెను చూసి, పక్కకి జరిగింది.

పెట్టిన డబ్బు రెట్టింపు చేస్తామనే ఆ యాప్‌లో ఆమె పైసా పెట్టలేదు. "కెమెరాని చూడకమ్మా, నన్ను చూడు. నాకు వడ్డిస్తూ చెప్పినట్టు చెప్పు" అనేవాడు కొడుకు. పొయ్యి పక్కన నిలబెట్టి, బట్టలు మార్పించి, నెలకి సరిపడా ఒకే మధ్యాహ్నం తీసేవాడు. ఏ రోజుది ఆ రోజు దానంతటదే బయటికెళ్లేలా పెట్టేవాడు. "నేను పడుకున్నా కొట్టు తెరిచే ఉంటుందమ్మా" అని నవ్వేవాడు.

యాప్ నడిపినవాళ్లు దొరకలేదు. వీడియో కింద లింకు ఇంకా పనిచేస్తోంది.

"వీడియోల అకౌంట్ నీ నంబరు మీదుంది. తెరవాలంటే కోడ్ నీకే వస్తుంది" అన్నాడు కొడుకు, కలవనిచ్చిన రోజున. "పోలీసులకి ఇచ్చావో, నిన్నూ లోపలేస్తారు. నాకేం తెలీదను, చాలు."

"మరి ఆ వీడియోలురా?"

"అవే అయిపోతాయిలే."

ఆమె పొయ్యి దగ్గర నిలబడడం మానేసింది. నిలబడితే ఎవరో చూస్తున్నట్టుండేది.

ఓ పొద్దున ఎదురింటి దర్జీ తలుపు కొట్టాడు.

"అక్కయ్యగారూ, అబ్బాయిని వదిలేశారటగా! ఇవాళ కొత్త వీడియోలో మిమ్మల్ని చూశా. నీలం బట్టల్లో పదేళ్లు తగ్గారు. నేనూ పెడుతున్నా."

"వద్దు తమ్ముడూ. అదంతా అబద్ధం."

"బాగుంది! మీరు తీసుకుని మమ్మల్ని వద్దంటారా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె చెప్పులేసుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్లింది.

"కోడ్ ఇస్తే కేసులో మీ పేరూ రాయాలమ్మా" అంది అధికారిణి.

"రాసుకోండి."

ఫోన్‌కొచ్చిన అంకెలు ఒక్కొక్కటే చదివింది. తెరమీద రేపటి తను, ఎల్లుండి తను, ఆ తర్వాతి తను వరసగా నోరు తెరిచి ఆగి ఉన్నారు. అధికారిణి పాతవీ కొత్తవీ అన్నీ తీసేసి, ఆమెను బెంచీ మీద కూర్చోమంది.

కాసేపటికి ఫోన్ మోగింది. దర్జీ.

"అక్కయ్యగారూ, మీ వీడియో కనబడట్లేదేంటి? మా ఆవిడకి చూపిద్దామనుకున్నా. పోన్లెండి, నేను పెట్టేశాగా. చెప్పిన రోజుకే వస్తాయి కదూ?"