అడ్డంగా తీసిన ఎండ

హన్నమ్మ పొద్దున్నే బట్టలుతికి, నడవాలో తాడు మీద ఆరేసి, ఎదురుగా స్టూలు మీద ఫోను నిలబెట్టి, కూతురు తీసిన వీడియో పెట్టింది. నెమలి ఊళ్ళో గుడి ముందరి ఎండ. ముసురు పడితే తిరువూరులో ఆ వీధి వాళ్ళంతా చేసే పనే అది. షైని తీసిన ఎండ ఫోనులోంచి ఎండలాగే పడుతుంది. "ఒడియాలకు ఏది పెట్టమంటావు షైనీ?" అని గోడవతల నుంచి అడుగుతుంటారు.

ఈమధ్య తువ్వాళ్ళు సాయంత్రానికి గానీ ఆరడం లేదు. ఆ వీడియోలన్నీ ఎప్పుడో నెట్లో ఎక్కించి, మళ్ళీ దించుకున్నవి; ఎక్కి దిగేసరికి ఎండ పలచబడింది. ఒరిజినల్స్ చోటు చాలక షైని చెరిపేసింది. కొత్తవి తియ్యలేదు. పెనుగొలను దారిలో ఆటో తిరగబడిన దగ్గర్నుంచి ఆ పిల్ల గడప దాటలేదు.

కాలు అతుక్కుంది. డాక్టరు నడవమన్నాడు. హన్నమ్మ బతిమాలింది, తిట్టింది, ప్రార్థన పెట్టించింది. చివరికి ఊరుకుంది. వీధిలో ఆటో హారను మోగితే తనే చేతిలో గిన్నె వదిలేసి తలుపేస్తుంది. ఇక పిల్లకేం చెబుతుంది?

మధ్యాహ్నం షైని తండ్రి యేసుదాసు కళ్లం నుంచి తడిసి ముద్దై వచ్చాడు. వెనకే పక్క కళ్లం బాలశౌరి.

"పట్టాలు కప్పాం. అడుగున మిరపకాయ వేడెక్కుతోంది. రేపు కూడా ఇలాగే ఉంటే అంతా తాలే," అన్నాడు యేసుదాసు. రంగు పోయిన తాలుకాయని ఎవరూ కన్నెత్తి చూడరు. ఏడాది చాకిరీ.

"అమ్మాయ్, మంచి ఎండొకటి ఎక్కించు. అందరం కళ్లాల్లో ఫోన్లు పెట్టుకుంటాం," అన్నాడు బాలశౌరి. "నీ నెమలి ఎండ వట్టి వెన్నెలైపోయింది."

"నా దగ్గర ఎండ లేదు బాబాయ్."

హన్నమ్మ బీరువా తెరిచింది. చీరల అడుగున రుమాల్లో చుట్టిన కెమెరా కార్డు. ఆటో దగ్గర దొరికింది. పారెయ్యలేక, ఇవ్వలేక దాచింది.

"వద్దంటే మళ్ళీ పెట్టేస్తా."

షైని రుమాలు మడత విప్పింది. తీసుకుంది.

కంప్యూటరు ముందు చేటతో తడికాయ పెట్టారు. ఆ రోజు ఆటోలోంచి తీసిన మామిడితోటలు తెర మీద కదిలాయి.

"నిలువుగా పెట్టు, ఫోనులో నిండుగా కనపడుద్ది," అన్నాడు బాలశౌరి.

పెట్టి చూసింది. చేట మధ్యలో జానెడు చార ఆరింది. రెండు పక్కలా తడే.

"కళ్లం కూడా ఇలా చారలు చారలుగా ఆరాలా బాబాయ్?"

"సరే తల్లీ, అడ్డంగానే కానీ. చిన్న ఫైలు చెయ్. చిటికెలో ఎక్కుద్ది."

షైని బిట్‌రేటు, అంటే బొమ్మ చిక్కదనం, తగ్గించింది. ఎండ గళ్ళు గళ్ళుగా పడింది, లుంగీ పరిచినట్టు. బాలశౌరి తన గళ్ళ లుంగీ చూసుకుని పైకి ఎగ్గట్టాడు.

"పోనీ, ఫ్రేములు పెంచితే?"

"లేని ఎండ ఎక్కణ్ణుంచి వస్తుంది? తీసింది తీసినట్టే ఉంచాలి. సైజూ అంతే, ఫ్రేములూ అంతే. బిట్‌రేటు మాత్రం పైకి."

ఎండ ఇంకా చాలలేదు. దారి పొడుగునా మామిడి నీడలే. వీడియో మలుపు దగ్గరికొచ్చింది. హన్నమ్మకు ఆ మలుపు తెలుసు.

"అక్కడికి కోసెయ్యమ్మా," అంది.

షైని కొయ్యలేదు. తెర ఊగింది. కేక వినిపించింది. తెర బోర్లాపడి, దొర్లి, ఆగింది.

కెమెరా వెల్లకిలా పడింది. దాని పైన ఆకు లేదు, కొమ్మ లేదు. నడినెత్తిన సూర్యుడు. బ్యాటరీ అయిపోయేదాకా అదే తీసింది.

చేటలో కాయ చిటపటలాడింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడుందా," అంది షైని. ముందుదంతా కోసేసి, ఆ చివరే ఉంచింది. వెనక వినపడే కేకలు కూడా తీసేసింది. ఎక్స్‌పోర్ట్ నొక్కింది.

"నెట్లో ఎక్కడానికి చాలాసేపు పడుతుంది, నాన్నా."

"పట్టనియ్యమ్మా. నువ్వు తొందరపడకు."

మర్నాడు కూడా వాన పడింది. తిరువూరు నుంచి గంపలగూడెం దాకా పట్టాల కింద, ఇటుకల మీద ఫోన్లు వెలిగాయి. మూడింటికి యేసుదాసు ఫోను చేశాడు.

"విను," అన్నాడు. గుప్పెడు కాయ తీసి ఫోను దగ్గర ఆడించాడు. గలగలా గింజల చప్పుడు. "ఎరుపు తగ్గలేదే! ఒక్క తాలు లేదు!" వెనక బాలశౌరి ఎవరినో తిడుతున్నాడు, ఫోను నిలువుగా పెట్టాడని.

షైని నవ్వింది. లేచి, తన ఫోను గడప దగ్గర పెట్టి, వీధి వైపు తిప్పింది. తడిసిన మెట్ల మీద, ఆ మలుపు దగ్గరి ఎండ పరుచుకుంది. చెప్పులేసుకుంది. కెమెరా సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికే?"

"ఒక్క ఎండతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం? కొండ అవతల తెరిపిచ్చిందంట. ఆటో మాట్లాడాను."

సందు చివర హారను మోగింది. హన్నమ్మ చేతిలో గిన్నె గట్టిగా పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మా, అడ్డం రాకు. నీడ పడుతోంది."

హన్నమ్మ పక్కకు జరిగింది.