కార్ఖానా సైగ

రఘుపతికి సముద్రమంటే గిట్టదు. సూరత్‌కు వచ్చి ఇన్నేళ్ళయినా, ఆదివారం పూట తోటివాళ్ళంతా డుమస్ ఒడ్డుకు పోయి టమాట బజ్జీలు తిని వస్తున్నా, అతను మాత్రం ఉధ్నాలోని అద్దె గదిలో ముసుగుతన్ని పడుకునేవాడు. నీళ్ళ భయమా అంటే అదేం కాదు. ఆ సముద్రం మీద సంపత్ ఉన్నాడు. అదీ అసలు బాధ.

సంపత్ అతని భార్య నవతకు మేనత్త కొడుకు. నవతను సంపత్‌కే ఇవ్వాలని ఒకప్పుడు ఇంట్లో అనుకున్నారు. అప్పట్లో ముగ్గురూ ఒకే కార్ఖానాలో పని చేసేవారు. మగవాళ్ళిద్దరూ పక్కపక్కన సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవారు. నవత మూలన కూర్చొని కండెలు చుట్టేది. సంపత్‌కు ఆ మోత పడలేదో, మరేం బుద్ధి పుట్టిందో, ఒక ఏజెంటును పట్టుకొని ఓడలో ఇంజను గది పనికి వెళ్ళిపోయాడు. పెళ్ళి మాట అక్కడితో ఆగింది. నవత రఘుపతి భార్య అయింది. ఇంకొకడైతే హాయిగా కాపురం చేసుకునేవాడు. రఘుపతికి సుఖం అరగదు. సంపత్ వద్దనుకున్నాడు కాబట్టే తనకు దక్కిందన్న ముల్లు ఒకటి లోపల దిగి, చీటికీ మాటికీ కలుక్కుమనేది.

సంపత్ తల్లి లలితమ్మది అదే గల్లీలో రెండిళ్ళ అవతల గది. ఆమెకు చదువు రాదు. రోజూ పొద్దున్నే వచ్చి నవత పక్కన కూలబడేది.

"ఏడున్నడే వాడు, జర చూడు."

నవత ఫోన్‌లో ఓడల జాడ చూపే యాప్ తెరిచేది. నీలంగా పరుచుకున్న సముద్రం మీద ఒక ఆకుపచ్చ చుక్క ఉండేది. అదే సంపత్ పని చేసే, ముడి నూనె మోసే ట్యాంకరు. "బావ ఓడ ఇంకింత ముందుకు పోయింది అత్తా" అని నవత చెప్పేది. ఆ 'బావ' అన్న మాట, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన రఘుపతి చెవిన పడేది. ఒళ్ళు మండిపోయేది. మనుషుల మీద ఈర్ష్య పడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. గోరంత చుక్క మీద కుళ్ళుకొని చచ్చేవాణ్ణి మాత్రం రఘుపతినే చూడాలి.

"మొగని షిఫ్టు ఎప్పుడు అయితదో తెల్వదు గని, ఆ ఓడ ఏ సముద్రంల ఉన్నదో మంచిగ ఎరుక" అనేవాడు.

"అత్తకు చదువు రాదు, చూపిస్తున్న. దాంతోని నీకేమైతంది?" అనేది నవత.

పోను పోను ఆమె 'బావ' అనడమే మానేసింది. 'అత్త కొడుకు' అనడం మొదలుపెట్టింది. అప్పుడైనా అతను చల్లబడ్డాడా? పిలుపు మార్చుకుందంటే లోపల ఏదో ఉన్నట్టే కదా అని కొత్తగా రగలడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున ఆ చుక్క మాయమైంది. నవత ఎంత వెతికినా కనపడలేదు. లలితమ్మ గోడకు ఆనుకొని ఉండిపోయింది. రఘుపతి ఆ రోజు కమ్మగా నిద్రపోయాడు.

తర్వాత కొద్ది రోజులకు కబురు తెలిసింది. ఫలానా దేశం నూనె ఎవరూ కొనకూడదు, మోయకూడదు అని పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టాయి. ఆ నూనె దొంగచాటుగా దాటుతోందేమోనని నాలుగైదు దేశాల యుద్ధనౌకలు కలిసి సముద్రంలో గస్తీ తిరుగుతున్నాయి. సంపత్ ఓడ, పాత పేరు మీద కొత్త పేరు రాసుకొని, జాడ చెప్పే యంత్రం ఆపేసి పోతూ వాటి కంటపడింది. హెలికాప్టర్ నుంచి తాళ్ళు పట్టుకొని సైనికులు దిగారు. ఆ వీడియోను ఆ గస్తీ నౌకలవాళ్ళే లోకం మీదికి వదిలారు. ఓడలో పని చేసేవాళ్ళంతా వరసగా మోకాళ్ళ మీద కూర్చొని, చేతులు తల మీద పెట్టుకొని ఉన్నారు. ముఖాలు మాత్రం ఎవరివీ తెలియకుండా మసక చేశారు.

ఆ వీడియో సంగతి వినగానే రఘుపతికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకుంటే సిగ్గుచేటు. కార్ఖానా ముందర టీ బండి దగ్గర, ఎవరూ అడగకుండానే, "దొంగ నూనె మోస్తే ఊకుంటరా మరి" అన్నాడు. పాత పనివాడు సోమలింగం గ్లాసు కింద పెట్టి, "ఇంజన్ల పని చేసేటోడు వాడు. ఆ నూనె ఎవలిదో వానికేం ఎరుక రఘుపతీ" అన్నాడు. రఘుపతి ముఖం మాడ్చుకొని లోపలికి పోయాడు.

సంపత్‌ను ఓడ ఎక్కించిన ఏజెంటు చేతులు దులిపేసుకున్నాడు. మీవాడు అంతకుముందు రేవులోనే దిగిపోయాడు, ఆ ఓడలో లేనే లేడు అన్నాడు. నవత ఎవరెవరినో అడిగి, ముంబైలో ఓడ పనివాళ్ళ సంఘం వాళ్ళకు ఫోన్ చేసింది. అక్కడి మనిషి హిందీలో ఓపికగానే చెప్పాడు. ఓడను రేపో మాపో ఏదో ఒక రేవుకు తీసుకుపోతారు. మన దేశంవాళ్ళ పేర్లు ముందుగానే రాయబార కార్యాలయానికి పంపుతున్నాం. వీడియోలో ఫలానావాడే మావాడు అని ఇంట్లోవాళ్ళు ఖాయంగా చెబితే అతని పేరూ కలుపుతాం. చెప్పకపోతే, ఏజెంటే లేడన్నవాడి గురించి అక్కడ అడిగే దిక్కుండదు.

మర్నాడు లలితమ్మ నవత ఫోన్‌లో ఆ వీడియో పెట్టించుకొని రఘుపతి ముందు కూర్చుంది.

"రఘూ, పక్క పక్కన సాంచాలు నడిపినోల్లు మీరు. నాకు కండ్లు సరిగ ఆనయి. జర చూడు బిడ్డా, గిండ్ల నా కొడుకు ఏడి?"

రఘుపతి చూశాడు. కెమెరా వరస పొడుగునా మెల్లగా జరిగింది. చివరి నుంచి రెండోవాడి దగ్గరికి రాగానే, ఆ మనిషి తల మీది కుడిచేతి రెండు వేళ్ళు నడినెత్తిన టకటకా కొట్టుకున్నాయి. వెంటనే బొటనవేలు లోపలికి మడుచుకుంది.

సాంచాలు ఆడే చోట గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అక్కడ అంతా సైగల మీదే నడుస్తుంది. దారం తెగిందనడానికొక సైగ, సేటు వస్తున్నాడనడానికొకటి. ఇది మాత్రం సంపత్ సొంతంగా పెట్టుకున్నది. టీకో బీడీకో బయటికి పోయే ముందు రఘుపతి వైపు తిరిగి ఇట్లాగే కొట్టుకునేవాడు. అన్నా, నా సాంచాలు నీ మీద పెట్టి పోతున్న, ఇప్పుడే వస్త, అని దాని అర్థం.

తుపాకుల నడుమ మోకాళ్ళ మీద కూర్చున్నవాడు, తనవాళ్ళెవరో ఒకరు చూడకపోతారా అని చేసిన సైగ అది. అన్నా అని పిలిచినట్టే ఉంది. అంతలోనే ఆ పాడు ముల్లు కలుక్కుమంది. ఆ సైగ నవతకు కూడా తెలుసు. మూలన కూర్చొని ఏళ్ళ తరబడి చూసింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడు తలచుకున్నది నన్నెందుకు, దాన్నే అయివుంటుంది.

"మొకాలే కనపడ్తలేవు చిన్నమ్మా. ఎట్ల చెప్పాలె?" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఆ రాత్రి సాంచాల మీద అతని చెయ్యి ఆడలేదు. పోగులు తెగుతూనే ఉన్నాయి. మరునాడు సాయంత్రం మళ్ళీ షిఫ్టుకు పోయే వేళకు నవత అన్నం వండకుండా, కళ్ళు ఉబ్బించుకొని పొయ్యి ముందు కూర్చొని ఉంది. అది చూసేసరికి ఇక ఉండబట్టలేకపోయాడు.

"గంత ఏడ్పు ఎందుకు? నీ లోపల ఎవలున్నరో నాకు తెల్వదనుకుంటున్నవా?"

నవత తలెత్తి అతన్ని చూసింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"చివరికెల్లి రెండోటోడు. తల మీద రెండు వేళ్ళు కొట్టిండు. నీకు కనపడలేదా?"

"నువ్వు ఎప్పుడు చూసినవ్?"

"మొన్న. ఫస్టుసారి పెట్టినప్పుడే."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఏమంటవు? మొకం లేకున్నా వేళ్ళు చూసి గుర్తువట్టింది అంటవు. ఇగ నేను బతికినన్ని రోజులు గదే మాట అంటవు. నువ్వే చెప్తవు తియ్యి అని ఊకున్న. నిన్న అత్త అడిగినప్పుడు నీ మొకమే చూస్తున్న. నువ్వు గుర్తువట్టినవు. నేనంటే నీకు భయపడి చెప్పలే. నువ్వు ఎవలికి భయపడ్డవు?"

రఘుపతి చెప్పులు కూడా వేసుకోకుండా లలితమ్మ గదికి నడిచాడు. నవత వెనకాలే వచ్చి గడప దగ్గర నిలబడింది. రఘుపతి లలితమ్మ ఎదుట చాప మీద కూర్చొని, నవత ఫోన్ తీసుకొని స్పీకర్ పెట్టి ముంబైకి చేసి, వచ్చీరాని హిందీలో అంతా చెప్పాడు. చివరి నుంచి రెండోవాడు, అది మా కార్ఖానా సైగ, పక్కన నిలబడి పని చేసినవాణ్ణి నేను, అన్నాడు. అవతలి మనిషి రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. నిన్ననే చెప్పివుంటే అతని పేరు అందరితో పాటు వెళ్ళిపోయేది, ఇప్పుడు విడిగా పంపాలి, ఓడ రేవు చేరేలోపు అందుతుందో లేదో, అని పెట్టేశాడు.

లలితమ్మకు ఆ చివరి మాటలు అర్థం కాలేదు. కొడుకు దొరికాడన్నదే ఆమెకు తెలిసింది. రఘుపతి తల మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"నీ కడుపు సల్లగుండ. నా కొడుకును నువ్వు దొరకవట్టినవు బిడ్డా." తర్వాత గడప వైపు తిరిగింది. "నువ్వూ ఆడనే కండెలు చుట్టినవు గదనే. అన్నిసార్లు ఫోన్ల చూపిస్తివి. ఒక్కసారన్న గుర్తుకు రాలేదా? కండ్లు ఏడ పెట్టుకున్నవే?"

నవత తల దించుకుంది. "రాలేదు అత్తా" అంది.

సంపత్ తల్లి ముందు, సంపత్ సంగతిలోనే, నవత మాట తన మీద వేసుకొని మొగుడి పక్షాన నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచి రఘుపతి కోరుకున్నది అదొక్కటే. అది దొరికితే ఇంత చేదుగా ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. నోరు మూసుకొని ఆ దీవెన తీసుకొని పోవచ్చు. పోలేకపోయాడు.

"ఆమె మొన్ననే గుర్తువట్టింది చిన్నమ్మా. నాకు భయపడి చెప్పలే" అన్నాడు. "నేను నిన్న నీ ముందటనే గుర్తువట్టిన. కుళ్ళుకొని చెప్పలే."

లలితమ్మ చెయ్యి అతని తల మీద నుంచి జారిపోయింది. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. ఆమె లేచి వెళ్ళి నవతను లోపలికి తీసుకొచ్చి, చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఫోన్ నవత ఒళ్ళో పెట్టింది.

"నువ్వు డ్యూటీకి పో రఘూ" అంది, అతని వైపు చూడకుండా. "ఏమన్న కబురొస్తే మేము చూసుకుంటం."