ట్యాంకులో కలపని పాలు

ఆ వార్డులో అందరూ ఆమెను అలారం అనేవారు. తెల్లవారకముందే లేచి, పక్క సర్దేసి, పితకడానికి ఇక్కడ ఆవులేవీ లేవని గుర్తుకొచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చునేది. ఆ లేవడమేదో చప్పుడు చేయకుండా లేస్తే ఎవరికీ బాధ ఉండేది కాదు. కానీ పశువుల కొట్టంలో పుట్టి పెరిగిన మనిషికి చప్పుడు చేయకుండా ఏ పనీ చేతకాదు. పక్కమంచం మీది ముసలావిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. జీవితమంతా ఈల వేసి జనాన్ని అదిలించిన ఆ కండక్టరమ్మ, నిద్ర చెడినప్పుడల్లా శాపనార్థాలు పెట్టేది. పెట్టి, మళ్లీ తనే లేచి అలారం భుజాల మీద దుప్పటి కప్పేది.

అలారం ఆ మానసిక ఆసుపత్రికి వచ్చాక వేసవీ, వానలూ గడిచిపోయాయి. ఇప్పుడామెకు బట్టలుతికే గదిలో పని. ఆరిన దుప్పట్లు మడతపెట్టి దొంతర్లు పేరుస్తుంది. ఆ వేడి, ఆ సబ్బు వాసన ఆమెకు నచ్చాయి. మందుల కోసం వరుసలో నిలబడటం మాత్రం ఇప్పటికీ గిట్టదు. అయినా నిలబడుతుంది, మింగుతుంది, నర్సమ్మకు నోరు తెరిచి చూపిస్తుంది. మనిషి తేరుకుందని అందరూ అనుకుంటున్నారు. గురువారం డాక్టరమ్మ సరేనంటే చాలు, ఆ సాయంత్రమే తమ్ముడి వ్యానులో ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఇంటి దగ్గర తొలిచూలు ఆవు ఒకటి ఈనడానికి సిద్ధంగా ఉంది. దూడప్పటి నుంచి దాన్ని సాకింది అలారమే. ఇంకొకరి చెయ్యి తగిలితే ఒప్పుకోదు. తమ్ముణ్ణి ఒకసారి, మరదల్ని ఒకసారి తన్ని ఇద్దరికీ బుద్ధి చెప్పింది. అది నీకోసమే బిగబట్టుకుని ఉందక్కా అని తమ్ముడు ఫోనులో అన్నప్పటి నుంచీ ఆమె కాళ్లు నేల మీద నిలవడం లేదు.

చిక్కల్లా ఒక్కటే. స్నానాల గది గోడ వెంట పోయే గొట్టంలో ఆమెకు మళ్లీ మోటారు వినపడుతోంది.

వాళ్ల పొలంలో నీళ్లు తోడే మోటారు ఒకటుంది. జబ్బు ముదిరిన రోజుల్లో, ఆపేసి ఉన్నప్పుడు కూడా అది ఆమెతో మాట్లాడేది. ఆవులకు ఊపిరాడటం లేదు, గేటు తియ్యి అనేది. నీకూ వినపడుతోందా అని ఆమె తమ్ముణ్ణి అడిగింది. లేదంటే అక్క ఎక్కడ కుమిలిపోతుందోనని ఆ అమాయకుడు అవునక్కా, వినపడుతోంది అన్నాడు. ఇక ఆమెకు అనుమానమేముంటుంది? వెళ్లి గేటు బార్లా తెరిచింది. ఆవులన్నీ రోడ్డెక్కాయి. రెండు ఆవులు లారీ కింద పడి చచ్చిపోయాయి. ప్రేమకొద్దీ ఆడిన అబద్ధం ఎంత పని చేస్తుందో ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది గానీ, ఆ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇప్పుడు గొట్టంలో మాటల్లేవు, ఉత్త మోతే. అది నీళ్ల మోతే అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. ఆమె భయపడి కండక్టరమ్మకు చెప్పింది. ఆ సంగతి బయటపెట్టావంటే నీ టికెట్టు చింపేస్తారు, నోరు మూసుకుని నీ స్టాపులో నువ్వు దిగిపో అని ఆవిడ హితవు చెప్పింది. నిద్ర పడుతోంది, ఆకలేస్తోంది, చప్పుళ్లేవీ లేవు అనే మూడు ముక్కలూ దగ్గర కూర్చుని వల్లె వేయించింది.

గురువారం తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వ్యాను కడిగి, అక్క కూర్చునే సీటులో దిండు కూడా పెట్టాడు. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి, తొందరపెట్టి అడగదు. నిద్ర సంగతి అడిగింది, ఆకలి సంగతి అడిగింది. అలారం మొదటి రెండు ముక్కలూ గడగడా అప్పజెప్పింది. మూడోది అడిగేలోపే ఎవరో పిలిస్తే డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్లింది.

ఊరికే కూర్చోలేక తమ్ముడు ఇంటి కబుర్లు ఎత్తుకున్నాడు. పెద్దావుకు పొదుగువాపు వస్తే ఇంజెక్షన్లు చేయించారట. ఇప్పుడు శుభ్రంగా మేస్తోందట. అయినా ఒంట్లోంచి మందు పూర్తిగా పోలేదని దాని పాలు విడిగా పితికి పారబోస్తున్నారట. డెయిరీకి పోసే పాల ట్యాంకులో ఒక్క చెంబు కలిపినా మిగతా పాలన్నీ పాడే కదా. మరదలికి మాత్రం ప్రాణం ఉసూరుమంటోందట, ఇంత చిక్కటి పాలు కలిపేస్తే ఎవరు చూడొచ్చారు అని సణుగుతోందట.

"చూడ్డానికి ఏ తేడా లేదక్కా. కానీ మనకు తెలుసుగా" అన్నాడు. పాపం, ఆవు సంగతే చెబుతున్నాననుకున్నాడు.

ఒక్క మాట మింగేస్తే చాలు, ఇల్లూ, ఈనబోయే ఆవూ, వ్యానులో దిండూ అన్నీ తనవే. ఇంటికి వెళ్లాలని అలారానికున్నంత ఆశ ఆ భవనంలో ఇంకెవరికీ లేదు. అంతలో డాక్టరమ్మ తిరిగొచ్చి, చప్పుళ్లేమైనా వినపడుతున్నాయా అని అడిగింది.

"నా పాలు ఇంకా ట్యాంకులో కలపొద్దండీ" అంది అలారం.

డాక్టరమ్మకు అర్థం కాక తమ్ముడి వైపు చూసింది. అర్థమైనవాడి ముఖం అప్పటికే వాడిపోయింది. అలారం గొట్టం సంగతంతా, కండక్టరమ్మ చెప్పిన పాఠంతో సహా బయటపెట్టేసింది. చెబుతూ ఏడ్చింది. ఇంటికి పంపరనే ఏడుస్తున్నానని కూడా చెప్పింది.

డాక్టరమ్మ మందు కాస్త మార్చి చూద్దామంది. ఇంకొన్నాళ్లు ఉండాలి, అంతేగానీ ఇంటికి పంపకపోవడమంటూ లేదంది. తనంతట తాను చెప్పుకునే మనిషిని పంపడానికి తనకు భయం తక్కువ అంది. తమ్ముడు ఆ మాటలేవీ విన్నట్టు లేడు. వ్యాను తాళం చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

అలారం నర్సమ్మను బతిమాలి, స్నానాల గది ఖాళీగా ఉన్నప్పుడు వాణ్ణి లోపలికి తీసుకెళ్లింది. సంగతి తెలిసిన కండక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడి తల కొట్టుకుంది. వాడు ఇస్త్రీ చొక్కాతోనే తడిగోడకు ఆనుకుని గొట్టానికి చెవి పెట్టాడు. ఇవతల ఆమె పెట్టింది. ఆమెకు మోత స్పష్టంగా వినపడుతోంది.

"వినపడుతోందా?"

వాడు కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. అక్క ఏ జవాబు కోసం చూస్తోందో వాడికి తెలుసు. ఆ జవాబిస్తే పోయినసారి ఏమైందో కూడా తెలుసు.

"లేదక్కా. నాకేం వినపడటం లేదు."

ఆమె చెవి తీసేసింది. మోత ఆగలేదు. కానీ అది తన ఒక్కదానికేనని ఇప్పుడు తెలుసు, అది రేపు మాట్లాడినా ఆ మాట వినక్కర్లేదు. ఎన్నాళ్లకో ఆమె గుండె కుదుటపడింది. వాడి చొక్కాకు అంటిన సున్నం దులుపుతూ, తొలిచూలు ఆవు దగ్గరికి వెనక నుంచి వెళ్లొద్దని, ముందు మెడ కింద గోకి మాట్లాడించమని నాలుగు జాగ్రత్తలు చెప్పింది. వాడు బుద్ధిగా తలూపాడు.

"ఇంటికొచ్చాక కూడా అడుగుతాను. అప్పుడూ ఇలాగే చెప్తావా?"

"చెప్తా. నువ్వు తిట్టినా చెప్తా."

"తిడతాను" అంది అలారం. "అయినా చెప్పు."