ఫిట్టరమ్మ నీడకి అయిదు వేళ్ళు

శనివారం భోజనాలయ్యాక జిగురు మిషను ఆపి, రోలర్లకి అంటుకుని ఎండిపోయిన జిగురు గోకడం ఫిట్టరమ్మ పని. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా చేస్తున్నదే. నిరుడు అలా గోకుతుండగా ఎవరో స్విచ్ నొక్కారు. కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ రోలర్ల మధ్యకి పోయాయి.

నీడలో మాత్రం ఆ చేతికి అయిదు వేళ్ళూ ఎప్పట్లాగే ఉన్నాయి. అందరికీ అలవాటైపోయింది. "కాలుతుందేమో, నీ నీడ చేత్తో పుచ్చుకో," అంటూ క్యాంటీను పిన్ని టీ గ్లాసు అందించేది. ఫిట్టరమ్మ నవ్వేది కాదు. ఆమె బుర్రని ఒకటే పురుగు తొలుస్తోంది. స్విచ్ నొక్కిందెవరు?

ఆ రోజు స్విచ్‌బోర్డు దగ్గర మిషను ఆపరేటరు కనిపించాడని చెప్పింది బావగారు. ఆమె భర్తకి స్వయానా అన్న, అక్కడే సూపర్‌వైజరు. ఆసుపత్రిలో మూడు రోజులు మంచం పక్కనుంచి కదలని మనిషి. ఆయన మాట ఎలా కాదంటుంది? ఆపరేటరు చూస్తే అవుననడు, కాదనడు. అందుకే అతనికి మూగనోము అని పేరు పెట్టారు. ఆమె ఎదురైతే తల దించుకుని తప్పుకునేవాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా అనుకునేది ఫిట్టరమ్మ. అతను పక్కన కూర్చుంటే అన్నం గిన్నె మీద మూత పెట్టేసేది. అతను దగ్గినా అందులో ఏదో మతలబు ఉందనిపించేది.

స్విచ్‌కి తాళం పెట్టించమని అడిగితే బావగారు, "మనుషుల్ని నమ్మాలమ్మా," అన్నాడు. చివరికి, ఆ ఆపరేటరుతో కలిసి పనిచెయ్యలేనని ఆమె మేనేజరుకి కాగితం రాసిచ్చింది. ఈ శనివారమే అతనికి ఆఖరి రోజు.

"నాకెదురుగా నిలబడు. చేతులు కనపడాలి," అంది ఫిట్టరమ్మ, మిషను ఆపేసి వచ్చి రోలర్ల మీది రేకు మూత విప్పుతూ.

మూగనోము రెండు చేతులూ పైకెత్తాడు. అతని మీంచి చూపు తిప్పకుండానే ఆమె చెయ్యి లోపల పెట్టింది. చెయ్యి రోలర్ల మధ్య ఉంది కానీ, దాని నీడ నేల మీదుగా మెల్లగా సాగి, స్విచ్‌బోర్డు ఉన్న స్తంభం చాటుకి పోయింది.

కాసేపటికి అటునుంచి గొంతు వినిపించింది. "ఏంటమ్మా ఇది! నీ నీడని వదలమను. అవతల లారీ వచ్చి నిలబడింది."

చెయ్యి లాక్కుని వెళ్ళి చూసింది. బావగారి వేలు స్విచ్‌కి అంగుళం దూరంలో ఆగిపోయి ఉంది. ఆయన మణికట్టు చుట్టూ అయిదు నల్లటి వేళ్ళు బిగుసుకున్నాయి.

"నా చెయ్యి లోపలుంది బావగారూ."

"అయిపోయిందనుకున్నానమ్మా."

"నిరుడు కూడా అలాగే అనుకున్నారా?"

ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

ఫిట్టరమ్మ మూగనోము వైపు తిరిగింది. ఏడాది పాటు పెంచుకున్న అనుమానం ఒక్క క్షణంలో ఎక్కడికి పోతుంది?

"మరి నువ్వు ఆ రోజు స్విచ్ దగ్గర ఏం చేస్తున్నావు?"

"ఆపానక్కా," అన్నాడు మూగనోము. "మీ కేక విని పరిగెత్తుకెళ్ళి ఆపాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"సూపర్‌వైజరుగారి మీద చెబితే మీరు నమ్మేవారా?"

ఆమె కుడిచేతికి మిగిలిన మూడు వేళ్ళనీ ఎడంచేత్తో పట్టుకుంది. ఈ మూడూ ఎవరి పుణ్యమో ఇన్నాళ్ళకి తెలిసింది.

"చేతులు దించు," అంది మెల్లగా. "పద, మేనేజరు దగ్గరికి. నేనిచ్చిన కాగితం చించేయమంటాను. ఆ రోజు నువ్వు చూసిందంతా నువ్వే రాయి. కింద ఇద్దరం సంతకం పెడదాం."

"ఇంటి మాట ఇంట్లో తేల్చుకుందామమ్మా," అన్నాడు బావగారు, నీడ వదిలిన మణికట్టు రుద్దుకుంటూ.

ఫిట్టరమ్మ ఆగలేదు. మూగనోము పక్కన నడుస్తూ మొదటిసారి అతని అసలు పేరేమిటో అడిగింది.