ఇయ్యాల్టికి నడుస్తది

మిరుదొడ్డి నుంచి సిద్దిపేట పోయే బస్సు సిద్ధమ్మ ఎక్కితే, కండక్టర్ ముందు ఆమె మొహం చూసేవాడు, తర్వాతే మిషన్ నొక్కేవాడు. మొహం మామూలుగా ఉంటే ఒక జీరో టికెట్. కనుబొమలు దగ్గరికొచ్చి ఉంటే రెండు. "అవ్వా, ఇయ్యాల ఎనక కూసోకు, టైర్ల మీద పడ్తది. నడిమిట్ల కూసో" అనేవాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కాబట్టి పేచీ లేదు. రెండు టికెట్లూ కొంగున కట్టుకుని ఆమె నడిమి సీట్లో కూర్చునేది.

సిద్ధమ్మకు కోపమొస్తే బరువు పెరుగుతుంది. పుట్టుకతోనే అంత. పాలు ఆలస్యమైతే ఉయ్యాల తాడు తెగేదట. నలభై రెండు కిలోల మనిషి, కోపం కొద్దీ రెండు బస్తాలవుతుంది, నాలుగు బస్తాలవుతుంది. సంతోషమొస్తే ఉల్టా, దూదిపింజంత తేలిక. అది చూసినవాళ్లు ఊళ్లో తక్కువ. రేషన్ షాపు అరుగు మీది పగుళ్లు ఆమెవే. ఒక ఆఫీసులో షాబాదు బండ ఒకటి జానెడు లోపలికి దిగి ఉంటుంది. భర్త చనిపోయాక రావాల్సిన సాయం కోసం పదకొండు నెలలు ఆమె నిలబడిన జాగ అది. అక్కడి వాళ్లు ఆ గుంటలో చెత్తబుట్ట పెట్టుకుని పని నడుపుకుంటున్నారు.

"జర కోపం తగ్గించుకో సిద్ధమ్మా" అని ముప్పై ఏళ్లుగా చెప్పని మనిషి లేడు. కోపం తెప్పించే పనులు మాత్రం ఎవరూ తగ్గించుకోలేదు.

దసరా సెలవుల్లో ఆ రోజు కండక్టర్ ఒకటే టికెట్ ఇచ్చాడు. కొడుకు రత్నాకర్ మోటర్ వైండింగ్ దుకాణానికి తాళం వేసి కొత్త అంగీ తొడుక్కున్నాడు. కోడలు ఉష టిఫిన్ గిన్నెలో పులిహోర కట్టింది. ముగ్గురూ ఎర్రగుట్టకు బయల్దేరారు. సిద్దిపేట దాటాక ఎర్రగుట్టకు రెండు కొమ్ములు. ఆ రెంటినీ కలుపుతూ పైన అద్దాల వంతెన వేశారు. వంతెన దాకా పోవడానికి తీగ మీద వేలాడుతూ పోయే డబ్బాలు పెట్టారు. పేరు రోప్‌వే. జనం మాత్రం తీగబండి అంటారు. రత్నాకర్ బిడ్డ సింధుజ పాలిటెక్నిక్ చదివి ఎనిమిది నెలల నుంచి ఆ తీగబండి నడిపే ఉద్యోగం చేస్తోంది. కాంట్రాక్టు ఉద్యోగమే, అయినా తన చేతి మీద నడిచే బండి. ఇంట్లో వాళ్లకు పాసులు పంపింది.

"అద్దం మీద నిలబడితే కాళ్ల కింద లోయ కనబడ్తదట అత్తమ్మా. మీకు భయమైతదా?" అంది ఉష ఆటోలో.

"నాకెందుకు భయం? ఆ అద్దానికి కావాలె భయం" అంది సిద్ధమ్మ. ఆటో డ్రైవర్ కూడా నవ్వాడు.

గుట్ట కింద దిగగానే ఆమె నవ్వు పోయింది. ఒకప్పుడు అక్కడ తాటివనం ఉండేది. ఇప్పుడు పార్కింగు. ఫొటోల కోసం నాలుగు తాటిచెట్లు మిగిల్చి, వాటికి సీరియల్ లైట్లు చుట్టారు. ఒక తాడికి సిమెంటుతో చేసిన గీత కార్మికుడి బొమ్మ. నడుముకు కల్లు లొట్టి, చేతిలో కత్తి, మెడలో మోకు.

"మెడల ఏసిండ్రేందిర దాన్ని?" అంది సిద్ధమ్మ.

మోకంటే చెట్టెక్కేవాడి ప్రాణం. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టి, వెనక్కి వాలి, ఒళ్లంతా దాని మీద వేసే పేనిన తాడు. దాన్ని మెడలో వేసుకుని పైకి పోతే రెండో అడుగుకే ఉరి.

"బొమ్మే గదనే అవ్వా, పోనీ" అన్నాడు రత్నాకర్.

"బొమ్మ చేసినోడు ఒక్కన్నన్న అడిగిండా? ఊరి నిండ గీసెటోళ్లే ఉండిరి గద!"

ఆమె నిలబడిన చోట గచ్చు చిన్నగా చిట్లింది. ఉష ఆమె మోచేయి పట్టుకుని అవతలికి జరిపింది.

కల్లు గీసే భర్త రాజమల్లయ్య మోకు విషయంలో సిద్ధమ్మ ఇంట్లో ఒక కట్టు ఉండేది. ప్రతి పొద్దూ ఆయన మోకును దర్వాజ మీది దూలానికి వేసేవాడు. సిద్ధమ్మ దాన్ని పట్టుకుని, కాళ్లెత్తి వేలాడేది. నేల మీద తెగితే నవ్వుకోవచ్చు, చెట్టు మీద తెగితే ఏడవడానికి కూడా టైముండదు అనేవాడాయన. ఆమె వేలాడి "పోయి రా" అంటేనే బయల్దేరేవాడు. ఆఖరి రోజున మోకు పోగులు లేచి ఉన్నాయి. కొత్తది పేనుకోవడానికి ఒక్క రోజు అడిగాడు. ఊళ్లో లగ్గం ఉంది, కల్లు కావాలి. "ఇయ్యాల్టికి నడుస్తదిలే రాజమల్లూ" అన్నాడు కల్లు మామ్లా వేలం పాడుకున్న కాంట్రాక్టరు. ఆ నడిచినది ఎనిమిదో చెట్టు దాకా.

సింధుజ గేటు దగ్గర నీలం యూనిఫాంలో నిలబడి ఉంది. ఎదురొచ్చింది గానీ నవ్వలేదు.

"ఏమైందే? గట్లున్నవ్?" అంది సిద్ధమ్మ.

"ఏం లేదు నాయినమ్మా. మీరు... ఇయ్యాల పైకి పోవద్దు. మెట్ల దారి ఉన్నది, సగం దాక ఎక్కి చూసి పోండి."

"పాసులు పంపి పోవద్దంటవేంది?" అన్నాడు రత్నాకర్.

సింధుజ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. పొద్దున ఖాళీ బండ్లు తిప్పి చూసినప్పుడు ఏడో నంబరు బండి పైన, తీగను పట్టుకునే కొక్కెం దగ్గర, కిర్రుమన్నది. ఒకసారి కాదు, తిప్పిన ప్రతిసారీ. రోజూ పొద్దున 'అన్ని బండ్లూ చూశాను, బాగున్నాయి' అనే కాగితం మీద ఆమె సంతకం పెట్టాలి. ఆ రోజు పెట్టలేదు. ఇసుక మూటలు నింపి బరువు పరీక్ష చేద్దామంటే, మూటలన్నీ ఐస్‌క్రీం టెంటు ఎగిరిపోకుండా అడ్డం పెట్టేశారు.

"మేనేజర్ సార్ సంతకం పెడ్తవా, ఇంటికి పోతవా అంటుండు. అటు చూస్తే లైన్ల రెండు వేల మంది ఉన్నరు. నేను పెట్టకుంటె ఇంకోళ్లతోటి పెట్టిస్తడు."

అంతలోనే మేనేజర్ సుధాకర్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాళ్లే ఉంటే పని సులువు, ఎవరిని కొట్టాలో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి ఓనర్లు పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తుంటే చెమట తుడుచుకునే మనిషి.

"అమ్మా సింధుజా, ఏం చేద్దామనుకుంటున్నవ్? తొమ్మిదిన్నరకు మొదలు గావాలె, పదిన్నరైంది."

"సార్, ఏడో నంబర్ పక్కకు పెట్టి మిగతయి నడుపుదాం."

"ఒక్కటి తీస్తె అరగంటకు ముప్పై మంది ఆగుతరు. పండుగ రోజుల్ల అది కుదరది. శబ్దం రావుడు మామూలే. గ్రీజు పెట్టిచ్చిన గద?"

లైను ముందర నల్లద్దాల మనిషి అరిచాడు. "ఏంది సార్, తెల్లారక ముందు లేసొచ్చినం! చిన్న పిల్ల ఉన్నది మాతోటి!" అతని పక్కన భార్య, ఆమె చంకలో పసిపిల్ల. బంధువులతో కలిపి వాళ్లు ఎనిమిది మంది, అందరి చేతుల్లో ఏడో నంబరు టోకెన్లు.

సింధుజ ఆ టోకెన్లు చూసింది. తర్వాత నాయినమ్మను చూసింది. చాలాసేపు చూసింది.

"సార్, ఐదు నిమిషాలియ్యండి. బండి కదలది, ప్లాట్‌ఫారం మీదనే ఉంటది. మా నాయినమ్మ అండ్ల కూసుంటది. ఏం గాకుంటె నేనే సంతకం పెడ్త."

"మీ నాయినమ్మంటె... మిరుదొడ్డి సిద్ధమ్మనా?"

"అవు సార్."

సుధాకర్ అత్తగారిది మిరుదొడ్డే. ఇక చెప్పాల్సిన పని లేదు. వాచీ చూసుకున్నాడు. "ఐదు నిమిషాలే."

"నేల మీదనే గద, మోకు తీరు" అంది సిద్ధమ్మ మనవరాలితో.

"అదే నాయినమ్మా. మోకు తీరే." సింధుజ ఆమె చేయి పట్టుకుని ఏడో నంబరు బండి తలుపు తెరిచింది. నేలకు జానెడు ఎత్తున వేలాడుతోందది. తలుపు మీద ఎర్ర అంకెలు బరువు చూపిస్తాయి. పక్కన బోర్డు: ఎనిమిది మంది, 640 కిలోలు. "జర కోపం తెచ్చుకో."

సిద్ధమ్మ ఆగిపోయింది. "ఏమన్నవ్?"

"కోపం తెచ్చుకో అన్న. నీకెంతొస్తె అంత."

డెబ్బై ఏళ్లలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. తగ్గించుకో అన్నారు, మింగు అన్నారు, ఆడదానికంత పనికిరాదన్నారు. ఇదేదో తన దగ్గర ఉన్న సామాను, ఒకసారి ఇచ్చి పొమ్మన్నట్టు అడిగింది పిల్ల. సిద్ధమ్మ మనవరాలి చెంప నిమిరింది. బండిలోకి ఎక్కి కూర్చుంది. తలుపు మీద ఎర్ర అంకెలు వెలిగాయి.

తొమ్మిది కిలోలు.

"అయ్యో, అత్తమ్మా!" అంది ఉష. పెళ్లయి పాతికేళ్లయినా అత్తను ఇంత తేలికగా ఆమె ఎప్పుడూ చూడలేదు. సిద్ధమ్మ పాదాలు బండి నేలను తాకీ తాకనట్టు ఉన్నాయి.

"అవ్వా, కాంట్రాక్టరును యాది చేసుకో!" అని రత్నాకర్ అరిచాడు. "ఆఫీసుల 'తాగి పడ్డడు' అని రాసిండ్రు, అది యాది చేసుకో!"

ఆమె కళ్లు మూసుకుంది. యాదికొచ్చింది, అయితే వాళ్లెవరూ కాదు. ముప్పై రెండేళ్ల కిందటి ఆ పొద్దు. రత్నాకర్ పదో తరగతి పాసయ్యాడని ముందు రోజే తెలిసింది. ఆమె ఒళ్లు గాల్లో ఉంది. దూలానికి మోకు వేసి ఉంది. పట్టుకుని కాళ్లెత్తింది, నవ్వుకుంటూ. లేచిన పోగులు ఆ తేలిక మనిషిని ఇట్టే మోశాయి. "మంచిగనే ఉన్నది, పోయి రా" అంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తర్వాత ఎన్నడూ తేలిక కాలేదు, కానివ్వలేదు. ఇప్పుడు మళ్లీ అదే పని చేస్తోంది. మళ్లీ తేలికగా కూర్చుని, ఒక తాడుకు మంచి పేరు తెస్తోంది.

భయమేసింది. భయానికి బరువుండదు. అంకెలు పదకొండు దగ్గర ఆగిపోయాయి.

"ఏం జేస్తున్నరమ్మా, ముసలామెను ఉయ్యాల ఊపుతున్నరా?" అన్నాడు నల్లద్దాల మనిషి. లైనులో నవ్వులు.

ఐదు నిమిషాలు అయిపోయాయి. పైన కొక్కెం ఒక్క చప్పుడు చేయలేదు. సుధాకర్ కాగితమూ పెన్నూ సింధుజ ముందు పెట్టాడు. అతని మొహంలో దయ కూడా ఉంది, అదే దుర్మార్గం. "చూసినవా బిడ్డా? ఏం గాలే. రేపు మెకానిక్‌ను పిలిపిస్త, నా మాట. సంతకం పెట్టు. ఇయ్యాల్టికి నడుస్తది."

సింధుజ పెన్ను అందుకోలేదు. అందుకోవాల్సిన అవసరమూ రాలేదు.

"ఏమన్నవ్ సారూ?" అంది సిద్ధమ్మ లోపలి నుంచి.

"అదే పెద్దమ్మా, ఇయ్యాల్టికి..."

అంకెలు ఎనభై అయ్యాయి. నూట నలభై. రెండొందలు. సిద్ధమ్మ అరవలేదు, లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆ మనిషి నోటి వైపే చూస్తూ కూర్చుంది. ముప్పై రెండేళ్లుగా ఆ ఒక్క మాట నోళ్లు మారుతూనే ఉంది. చెట్టు కింద నిలబడేవాడే అంటాడు, ఎక్కేవాడు వింటాడు. మూడొందల పది. పైన కిర్రుమంది. నల్లద్దాల మనిషి నవ్వు ఆపేశాడు. నాలుగొందల ముప్పై. బండి నేల వంగింది. నాలుగొందల తొంభై. ఐదొందల పన్నెండు.

ఠప్పుమని కొక్కెం విరిగింది. బండి జానెడు కిందికి, ప్లాట్‌ఫారం మీద కూలబడి ఒక పక్కకు ఒరిగింది. ఇనుప ముక్క ఒకటి దొర్లుకుంటూ వచ్చి సుధాకర్ బూటు దగ్గర ఆగింది. లోపల పాతగా తుప్పు, అంచున మాత్రం కొత్త మెరుపు.

మొదట నోరు తెరిచింది సుధాకరే, అతని మొహం సున్నం కొట్టినట్టు అయింది. "ఇరగ్గొట్టింది... ముసలామె ఇరగ్గొట్టింది. గంత బరువు ఎవలు మోస్తరు?"

"నీ బోర్డు చదువు సారూ" అంది సిద్ధమ్మ. "ఆరొందల నలభై మోస్తనన్నది నీ బండి. నేను అంత దాక రానే లేదు."

సింధుజ కాగితం తీసుకుంది. 'బాగున్నాయి' అన్న మాట కొట్టేసి, ఏడో నంబరు, 512 కిలోలు, కొక్కెం విరిగింది అని రాసి, సంతకం పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి సిద్దిపేట తనిఖీ ఆఫీసుకు పంపింది. ఆ తర్వాత ఎర్ర బటన్ నొక్కి, లైనంతా ఆపి, తాళంచెవి జేబులో వేసుకుంది. "రేపటి సంది రావొద్దు నువ్వు" అన్నాడు సుధాకర్. "రేపటి సంగతి రేపు సార్" అంది.

సాయంత్రంలోగా కొత్త కొక్కెం వేసి, దీన్ని ఎక్కడో పారేసి, ఏమీ కాలేదంటారని నాయినమ్మకూ మనవరాలికీ తెలుసు. సిద్దిపేట నుంచి తనిఖీ చేసేవాళ్లు వచ్చేదాకా ఈ బండి ఇక్కడే, ఇలాగే ఉండాలి. నలుగురు మనుషులు బండిని ఎత్తబోయారు. అది అంగుళం కదలలేదు. సుధాకర్ తలుపు దగ్గర వంగాడు.

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత. జర కోపం తగ్గించుకో. దిగు."

సిద్ధమ్మ ఉష చేతి నుంచి పులిహోర గిన్నె అందుకుని, ఒరిగిన సీటు మీద సర్దుకుని కూర్చుంది.

"ఇయ్యాల్టికి నడువది" అంది.

నల్లద్దాల మనిషి ముసల్ది సెలవంతా ఖరాబు చేసిందని తిట్టుకుంటూ ప్లాట్‌ఫారం మెట్లు దిగాడు. ఏడో నంబరు టోకెన్లు చించి తాడి మొదట్లో పారేశాడు. అతని భుజం మీది పసిపిల్ల వెనక్కి తిరిగి, ఒరిగిన బండిలో తింటున్న అవ్వను చూసి, ఏం తోచిందో, చేయి ఊపింది.