అవ్వ అమ్మేసింది

పుత్తూరులో ఎముకల వైద్యుడి దగ్గర వేలికి కట్టించిన కట్టును కోమలి ఆటకు ముందురోజు పొద్దున తనే విప్పేసింది. చూపుడువేలు ఇంకా వాచే ఉంది.

"గ్లౌజు తొడిగితే కనపడదులే అవ్వా. నువ్వు మాత్రం ఎవురికీ సెప్పొద్దు. రేపు కడప స్పోర్ట్స్ హాస్టలోళ్లు సూసేదానికి వస్తాండారు."

చెప్పనంది తిరుమలమ్మ. తిరుపతి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు మనవరాలే గోల్‌కీపరు. రేపు చిత్తూరు జట్టుతో ఆటలో మెప్పిస్తే ఇక చదువూ ఆటా కడపలోనే.

రేణిగుంట గోదాములో పనిచేసే దయానంద్ తిరుమలమ్మ ఇంటి మేడమీద అద్దెకుంటాడు. ఆడే పిల్లల ఇళ్లవాళ్లందరినీ చేర్చి ఫోన్లో ఆట మీద షేర్ల బజారు ఒకటి నడుపుతున్నాడు. డబ్బు కాదు, ఉత్త పాయింట్లే. తిరుపతి గెలిస్తే షేరుకు పది, ఓడినా సమమైనా సున్నా. ఆటయ్యేలోగా ఎవరైనా కొనొచ్చు, అమ్మొచ్చు; ఎవరు ఏం చేసినా పేరుతో సహా గ్రూపులో అందరికీ కనపడుతుంది.

"షేరు ఏడుకు పోతాండాదంటే, పదింట్లో ఏడుపాళ్లు గెలుస్తారని జనం నమ్మకం. ధర నేను పెట్టేది గాదవ్వా. కొంటే ఎక్కుతాది, అమ్మితే దిగుతాది," అని అతనే ఆమెకు నేర్పాడు. ఆమె కొంటూ పోతుంటే, "మాకూ రెండు మిగిల్చు అవ్వా!" అని నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం తిరుమలమ్మకు అన్నం దిగలేదు. బంతి వచ్చి ఆ వేలికే తగిలినట్టు, ఆట పోయినట్టు ఒకటే ఊహ. ఫోను తీసి ఉన్న షేర్లన్నీ అమ్మేసింది. వేలి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రానికి ధర మూడుకు పడింది. "సొంత అవ్వే అమ్ముకునిందంటే ఆ పాపకు ఏందో అయ్యుండాది," అని గ్రూపులో ఒక తల్లి రాసింది. అది కోచ్ శాంతయ్య కూడా చూశాడు. కోమలిని పిలిపించి వేళ్లు ఒక్కొక్కటే నొక్కాడు. చూపుడువేలి దగ్గర కోమలి కేక పెట్టింది. గోలులో ఇంకో అమ్మాయిని నిలబెడతానన్నాడు.

కోమలి ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. "ఎవురికి సెప్పినావు?"

"నీ మీద ఒట్టు మే, ఒక్క మాట అన్లేదు."

"మాటెందుకవ్వా? అమ్మేసినావు గదా."

మేడమెట్లు దిగుతూ దయానంద్ లోపలికి తొంగిచూశాడు. "ఏడు మీద అమ్మి బయటపడినావే అవ్వా! నీ తెలివి మాకు రాదు." ఎవరూ నవ్వకపోయేసరికి తలొంచుకుని వెళ్లిపోయాడు.

"ఇంగ కడపా లేదు, ఏం లేదు. ఈడనే ఉంటా," అంది కోమలి.

తిరుమలమ్మ గుండెలో ఏదో చల్లబడింది. ఈ పిల్లను తన దగ్గర వదిలిన తల్లిని పూతలపట్టులో బెంగుళూరు బస్సెక్కించిన నాటి నుంచి ఎరగని చల్లదనం. అది ముఖంలోకి రాకముందే కొంగు అడ్డం పెట్టుకోవాలనుకుంది. చెయ్యి లేచేలోగా కోమలి చూసేసింది.

"సంతోషమా అవ్వా?"

అమ్మేటప్పుడు పిల్ల ఇక్కడే ఉండిపోతుందన్న సంగతి తన తలపులోనే లేదని చెప్పబోయింది. అది నిజమో కాదో తనకే తేలలేదు.