ముందు నిలబడే ట్యాంకు

రాత్రి షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కగానే మిగతా ఆడవాళ్ళంతా కిటికీకి తల ఆనించి నిద్రపోతారు. పవిత్ర మాత్రం ఫోను తీస్తుంది. కోలారు అవతలి నరసాపురం నుంచి తమ బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట చేరేలోపు తమ్ముడు హేమంత్‌తో ట్యాంకుల ఆట ఒకటి ఆడాలి. వాడు మాలూరులో గది తీసుకుని అక్కడి ఫ్యాక్టరీకే పోతున్నాడు. వట్టి ఫోను చేస్తే ఇద్దరికీ మాటలు దొరకవు. ఆట నడుస్తుంటే ఇయర్‌ఫోన్లలో నాలుగు మాటలైనా దొర్లుతాయి.

హేమంత్‌ది మామూలు క్రామ్‌వెల్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళు చేసిన మధ్యరకం ట్యాంకు, పరుగుకు పెట్టింది పేరు. పవిత్రదీ క్రామ్‌వెలే గానీ, ముందు భాగానికి ఇంకా ఉక్కు చేర్చి మందం చేసిన రకం. అంత బరువుతో పరుగెత్తితే నిలవదని అప్పట్లోనే దాని వేగం తగ్గించేశారట. ఆటలోనూ అంతే. మలుపు తిరగమంటే మూలుగుతుంది, గట్టెక్కమంటే ఆయాసపడుతుంది. అయినా నాలుగు గుండ్లు తిని కదలదు కాబట్టి ఎప్పుడూ ముందు నిలబడే ఖర్మ దానిదే. ఈ ఖర్మ సంగతి పవిత్రకి ఆటలో కంటే ఇంట్లోనే బాగా తెలుసు.

ఇంట్లో నాన్న తిమ్మప్ప ఉన్నాడు. గనిలో పీల్చిన రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. అమ్మ లేదు. రాత్రిళ్ళు పక్కింటి రామక్క కనిపెట్టుకుని ఉంటుంది, పగలు పవిత్ర. ఒక దగ్గుకీ ఇంకో దగ్గుకీ మధ్య దొరికేదే ఆమె నిద్ర. ఒక్క ఆదివారం వచ్చి నాన్న దగ్గర కూర్చోమని తమ్ముణ్ణి అడగాలని నెలలుగా అనుకుంటోంది. వాడూ అలిసిపోయే ఉంటాడని నోరు రాదు. ఇవాళ ఆట అయ్యాక అడిగి తీరాలనుకుంది.

గనిలో పేలుడు అయ్యాక మొదట లోపలికి వెళ్ళి, పైకప్పు రాళ్ళు ఊడిపడేలా ఉన్నాయేమోనని కడ్డీతో తట్టి చూడటం నాన్న పని. ఆయన ‘రాండి’ అనేదాకా వెనకవాళ్ళు అడుగు వెయ్యకూడదు. పిల్లలిద్దరూ అది వింటూ పెరిగారు. ఆటలోనూ అదే కట్టుబాటు పెట్టుకున్నారు. అక్క పిలిచేదాకా తమ్ముడు ఆమెను దాటడు.

ఆ ఉదయం పవిత్ర తన ట్యాంకును సందు మొదట్లో నిలబెట్టింది. కోలారు దగ్గర టమాటా లారీల వెనక బస్సు నెమ్మదించింది. అక్కడే ఆమె కన్ను మూతపడింది.

ట్యాంకు గుండ్లు తింటూ నిలబడే ఉంది. ఎంత నిబ్బరమో అని జట్టులో వాళ్ళు మెచ్చుకున్నారు. హేమంత్ వెనకే ఆగి పిలుపు కోసం చెవులు రిక్కించాడు. పిలుపు రాలేదు. ముందు అక్క ట్యాంకు కాలిపోయింది, ఆ తర్వాత ఆటే పోయింది.

బంగారుపేటలో కుదుపుకి పవిత్ర ఉలిక్కిపడి లేచేసరికి వాడింకా చెవిలోనే ఉన్నాడు.

“రాండి అన్లేదు గదక్కా నువ్వు. నేను ఆడే నిలబడిపోయినాను.”

“నిద్రపోయినానప్పా,” అంది పవిత్ర. ఆ మాట వెనకే మిగతాదీ వచ్చేసింది. “నాకింగ శాతగాదు హేమంతా. ఆదివారం నువ్వొచ్చి నాయిన దగ్గర కూసో. నేను నిద్రపోవాల.”

బస్సు దిగేవాళ్ళు దిగారు.

“నువ్వు కదలకుండా నిలబడుకోనుంటే, నీకేం ఫర్వాలేదనుకున్నానక్కా.”

ఆదివారం వచ్చాడు. పవిత్ర లోపలి గదిలో చాప వేసుకుంది. మధ్యాహ్నం నాన్నకి దగ్గు తెర వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె లేచి గడప దాకా వెళ్ళింది. హేమంత్ ఒక చేత్తో నాన్న వీపు నిమురుతున్నాడు. తల తిప్పకుండానే రెండో చెయ్యి అడ్డం పెట్టాడు.

“నేను పిలిచేదాకా రావద్దక్కా.”

పవిత్ర వెనక్కి వెళ్ళి పడుకుంది. ఏడుపొచ్చింది గానీ, ఏడ్చేలోపే నిద్ర పట్టేసింది.